సీటు చూడకుండా లెక్కలా?

సెంచరీలు పదిహేడేనా? వన్డేల్లో ఏం చేసిండు? ఒక్క ప్రపంచ కప్పన్నా ఆడిండా? వి.వి.ఎస్. లక్ష్మణ్ పేరెత్తితే చాలు, సిద్దిపేట పాత బస్టాండు దగ్గరి హోటళ్లలో చాయ్ చల్లారేలోపు వినబడే మాటలివి. అంటున్నది పరాయివాళ్లు కాదు. మన డిగ్రీ కాలేజీ తమ్ముళ్లు, కొత్తగా నౌకరీలో చేరిన మన జూనియర్ అసిస్టెంట్లు. సెల్‌ఫోన్‌లో పట్టిక తెరిచి, సచిన్ పక్కన, ద్రవిడ్ పక్కన లక్ష్మణ్‌ను నిలబెట్టి "గింతేనా?" అని తేల్చేస్తున్నారు.

లెక్క తప్పని మేము అనడం లేదు. 134 టెస్టులు, 8781 పరుగులు, 17 సెంచరీలు, సగటు 45.97. కాదనేదేముంది? కానీ ఆఫీసులో పనిచేసే ఎవరినైనా అడగండి. ఒక సెక్షన్‌కు వచ్చే ఫైళ్లన్నీ సంతకానికి సిద్ధమై వస్తయి. రోజుకు ఇరవై పోతయి. పక్క సెక్షన్‌లో భూతగాదాలు, కోర్టు కేసులు, ఆడిట్ అభ్యంతరాలు. నెలకు నాలుగు తెగితే గొప్ప. నెలాఖరు రిపోర్టులో మొదటి సీటువాడు నాలుగు వందలు, రెండో సీటువాడు నాలుగు. పై ఆఫీసరు చూసేది ఆ రిపోర్టే. కష్టమైన సీటు ఎప్పుడూ ఒక్కడికే ఎందుకు పడుతుందో ఆ రిపోర్టులో ఉండదు.

లక్ష్మణ్‌కు ఇచ్చిన సీట్లు చూడండి. 1996 నవంబర్‌లో అహ్మదాబాద్‌లో దక్షిణాఫ్రికా మీద తొలి టెస్టు ఆడిన ఈ మనిషి మిడిలార్డర్ బ్యాట్స్‌మన్. జట్టుకు ఓపెనర్లు దొరకడం లేదని అతణ్ని తీసుకుపోయి కొత్త బంతి ముందు నిలబెట్టారు. అకౌంట్స్ తెలిసినోణ్ని గొలుసు పట్టుకొని సర్వేకు పొమ్మన్నట్టు. కుదురుకోకముందే తీసేయడం, మళ్లీ పిలవడం, మళ్లీ అదే సీటు. అయినా 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గానే 167 కొట్టాడు. ఆ ఇన్నింగ్స్‌లో జట్టు మొత్తం చేసింది 261! ఇక ఓపెనింగ్ చేయనని ఆ తర్వాత తేల్చి చెప్పాడు. ఏ సీటైనా సరే, ఉంటే చాలనుకునే వయసులో కాదనడానికి దమ్ముండాలి. ఆ సీజన్ రంజీ ట్రోఫీలో హైదరాబాద్ తరఫున 1415 పరుగులు చేశాడు. అందులో కర్ణాటక మీద సెమీఫైనల్లో కొట్టిన 353 ఒకటి.

తన సీట్లో కూర్చోబెడితే ఏమైందో 2001 మార్చిలో కోల్‌కతా చూసింది. స్టీవ్ వా జట్టు వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చింది. మనవాళ్లు 171కే కుప్పకూలి ఫాలోఆన్‌లో పడ్డారు. ఆ 171లో 59 లక్ష్మణ్‌వి, అదీ ఆరో స్థానంలో వచ్చి. రెండో ఇన్నింగ్స్‌లో అతణ్ని మూడో స్థానానికి మార్చారు. మార్చి 14న పొద్దటి నుంచి మాపటిదాకా లక్ష్మణ్, ద్రవిడ్ ఒక్క వికెట్టు పడనివ్వలేదు. ఐదో వికెట్‌కు 376 పరుగులు. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180. మరునాడు హర్భజన్ బంతి తిప్పితే 171 పరుగుల తేడాతో గెలిచాం. కుప్పకూలిన స్కోరూ, గెలిచిన తేడా ఒకటే అంకె కావడం చిత్రం! ఇంత చేసినా ఆ మూడో సీటు అతనికి నిలవలేదు. మళ్లీ ఐదు, ఆరుకే.

రెండేళ్లు తిరగకముందే 2003 ప్రపంచ కప్పుకు అతణ్ని పక్కనబెట్టి దినేశ్ మోంగియాను తీసుకుపోయారు. 2004 జనవరిలో ఆస్ట్రేలియాలో వారం రోజుల్లో మూడు వన్డే సెంచరీలు కొట్టినా, 2007 కప్పుకూ పిలుపు లేదు. ఇప్పుడేమో "ప్రపంచ కప్పు ఆడలేదు" అన్నది అతని ఖాతాలో తప్పుగా రాస్తున్నారు. పరీక్ష హాలు గేటు దగ్గరే ఆపేసినోణ్ని ఫెయిలైండు అంటామా తమ్ముళ్లూ?

సీటు ఇవ్వకుండా చేతకాదనడం మనకు కొత్త కాదు. మన కొలువుల్లో ఇతరులను నింపి, మీకు అర్హత లేదన్నారు. తప్పు జరిగిందని ఒప్పుకుంటూ 1985 డిసెంబర్ 30న 610 జీవో ఇచ్చారు. అది కాగితం మీదే ఉండిపోతే 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. 2009లో హైదరాబాద్ ఫ్రీజోన్ అన్న తీర్పు వస్తే, అక్టోబర్ 21న ఇదే సిద్దిపేటలో ఉద్యోగ గర్జన జరిగింది. ఆ సభలో ఎండకు నిలబడ్డ ఉద్యోగుల పిల్లలే ఇవాళ సీటు చూడకుండా ఒక మనిషి పని లెక్కగడుతుంటే మాకు కష్టమనిపిస్తుంది. లక్ష్మణ్‌ను పక్కనబెట్టింది ప్రాంతం చూసి అని మేము అనడం లేదు. దానికి ఆధారం లేదు. కొలిచిన తీరు మాత్రం ఒకటే.

"అతను మనోడే కాదు గదా, తల్లిదండ్రులు విజయవాడల డాక్టర్లు, సంపాదకీయం ఎందుకు?" అని మా మిత్రుడొకరు అడిగారు. పుట్టింది హైదరాబాద్‌లో, రంజీ ఆడింది హైదరాబాద్‌కు. ఇక్కడికి వచ్చి ఇక్కడి పనిని తన పనిగా చేసినవాళ్లతో ఉద్యమానికి ఎన్నడూ పేచీ లేదు. అప్పుడు లేని పేచీ 2014లో రాష్ట్రం వచ్చినంక ఎందుకు పెట్టుకుంటాం?

ఆరో నంబరు సీటు సంగతి తెలియాలంటే 2010ని గుర్తు చేసుకోవాలి. శ్రీకృష్ణ కమిటీ తిరుగుతున్న ఏడాది అది. క్యాంపస్‌లన్నీ రగులుతున్నయి. అక్టోబర్‌లో మొహాలీలో ఆస్ట్రేలియా 216 లక్ష్యం పెట్టింది. 124కే ఎనిమిది వికెట్లు పోయినయి. నడుం పట్టేసి, పక్కన రన్నర్‌ను పెట్టుకుని నిలబడ్డ లక్ష్మణ్‌కు తోడు ఇషాంత్ శర్మ. ఆ ఇద్దరూ 81 పరుగులు జోడించారు. లక్ష్మణ్ 73 నాటౌట్, ఒక్క వికెట్ తేడాతో గెలుపు. చివర్లో పరుగు దగ్గర తడబడ్డ ఓజా మీద బ్యాటెత్తి అరిచాడు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి! మాకు అతను మరింత నచ్చింది ఆ రోజే. డిసెంబర్‌లో డర్బన్. బంతి ముఖం మీదికి లేస్తున్న పిచ్ మీద రెండు ఇన్నింగ్స్‌లోనూ జట్టులో ఎక్కువ పరుగులు అతనివే. 38, 96. పట్టికలో ఈ మూడు ఇన్నింగ్సుల్లో ఒక్కటీ సెంచరీ కాదు. రెండు టెస్టులూ గెలిచాం.

ఆస్ట్రేలియా మీదే ఆడతాడన్నది ఇంకో మాట. 17 సెంచరీల్లో ఆరు వాళ్ల మీద. మిగతా పదకొండు ఎవరి మీద కొట్టాడో ఆ సెల్‌ఫోనే చెప్తది, చూసుకోండి.

వికెట్ల మధ్య పరుగులో లక్ష్మణ్ నిదానమే. 2011-12 ఆస్ట్రేలియా పర్యటనలో ఎనిమిది ఇన్నింగ్సుల్లో 155 పరుగులు చేశాడంటే అది వైఫల్యమే. దాచేదేం లేదు. దాన్ని అందరికంటే ముందు గుర్తించింది కూడా అతనే అనిపిస్తుంది. 2012 ఆగస్టులో న్యూజిలాండ్ సిరీస్‌కు ఎంపికయ్యాడు. మొదటి టెస్టు సొంత ఊరిలో, ఉప్పల్‌లో. ఆ ఒక్కటి ఆడి పూలదండలతో ఇంటికి పోవచ్చు. ఆగస్టు 18న విలేకరులను పిలిచి, తక్షణమే తప్పుకుంటున్నానన్నాడు. రిటైర్మెంట్ దగ్గరపడితే ఎక్స్‌టెన్షన్ కోసం సెక్రటేరియట్ మెట్లెక్కేవాళ్లను చూసిన మన ఉద్యోగ మిత్రులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ఆగస్టు 23న ఉప్పల్‌లో టెస్టు మొదలైంది. సొంత ఊరి ఆట, అతను లేకుండానే జరిగింది.