విరిగిన కొమ్ము ఎవరికి దక్కింది?

సాగర్ కుడికాలువ చివరి భూముల్లో మా ఊరు. మేజరు కాలవకు నీళ్ళొచ్చాయని కబురు తెలియగానే మా అమ్మ పసుపు, కుంకుమ, రెండు గాజులు, ఒక రవికెగుడ్డ పళ్ళెంలో సర్దుకొని గట్టు మీదికి బయల్దేరుతుంది. "గంగమ్మతల్లి వచ్చిందిరా" అంటుంది. మా నాయన మాత్రం ఆ నీళ్ళ వంక చూసి "ఎన్నాళ్ళుంటదో!" అంటాడు. ఒకరికి దేవత కనపడింది, ఇంకొకరికి వంతు కనపడింది. ఇద్దరిలో ఎవరిది నిజం? గుంటూరు వచ్చి చదువుకుంటున్నా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. దానికి జవాబు వంటిది విచిత్రంగా ఒక గ్రీకు కథలో దొరికింది.

మిత్రులారా! నీటిని దైవంగా కొలవటం మనకొక్కరికే చెందిన సంగతి కాదు. ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ లెక్క ప్రకారం ఓషియానస్, టెథిస్ దంపతులకు 3000 మంది కూతుళ్ళు. నదులైన కొడుకులు మరో అంతమంది. మనకు నది తల్లి. వాళ్ళకు నది మగవాడు, కొమ్ములున్న ఎద్దు.

ఆ నదుల్లో పేరుగన్నది అకిలోయస్. డెయనైరా అనే రాకుమారి కోసం ఈ నదీదేవుడు, మహావీరుడు హెరాక్లీస్ పోటీపడ్డారు. నది పామైంది, ఎద్దైంది. హెరాక్లీస్ దాని కొమ్ము పట్టి విరిచేశాడు. జలకన్యలు ఆ కొమ్మును పండ్లతో, పూలతో నింపారనీ, అదే సిరుల కొమ్ము అయిందనీ రోమన్ కవి ఓవిడ్ చెప్పాడు.

పుక్కిటి పురాణమని కొట్టెయ్యకండి. సుమారు 2000 ఏళ్ళ క్రితమే స్ట్రాబో అనే భూగోళ రచయిత దీని లౌకికార్థం రాసిపెట్టాడు. అదుపులేని నదికి గట్లు కట్టి, కాలవలు తవ్వి, నేలను సాగులోకి తేవటమే కొమ్ము విరవటమట. అలా పండిన నేలే సిరుల కొమ్ము. ఇంకొక మాట కూడా అన్నాడు. ఆ నది ఒండ్రు వేసి సరిహద్దులు చెరిపేస్తుంటే రెండు ఒడ్డుల జనం కొట్టుకొనేవారు. తీర్పరి లేనందున బలవంతుడిదే గెలుపు.

గ్రీకులెక్కడ, మన పల్నాడెక్కడ అంటారేమో. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఇక్ష్వాకుల నాటి ఒక శిల్పంలో కొమ్ముపాత్ర పట్టుకున్న గడ్డపు మనిషిని పండితులు గ్రీకుల మద్యదేవుడు డయొనైసస్‌తో పోల్చారు. ఆ లోయే నేడు సాగర్ నీళ్ళ అడుగున ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీరు వదిలారు. మన కృష్ణమ్మ కొమ్ము వంచింది ఏ ఒక్క వీరుడూ కాదు. రాయి మోసిన వేలాది కూలీలు, ఊళ్ళు వదిలి వెళ్ళిన వాళ్ళు. గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టచేలు తడిసింది వాళ్ళ చలవ వల్లనే.

మరి ఆ సిరుల కొమ్ము అందరికీ దక్కిందా?

ఒక ఏడాది మిరప పూత మీదుండగా కాలవ కట్టేశారు. ఎగువన మాత్రం గట్టు పొడుగునా మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి. మేము ట్యాంకరు నీళ్ళు కొని మొక్క మొక్కకూ పోశాం. కాపు సగం కూడా రాలేదు, అప్పు మాత్రం నిండుగా మిగిలింది. ఆనాడు మా అమ్మ అన్న మాట "తల్లికి కోపమొచ్చింది" అని. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. కోపం తల్లిది కాదు. తూము తాళం మనుషుల చేతిలో ఉంది.

2023 నవంబరు 30న ఆంధ్ర పోలీసులు సాగర్ ఆనకట్ట మీదికెళ్ళి 26 గేట్లలో 13 స్వాధీనం చేసుకున్నారు. కుడికాలువకు నీళ్ళు వదిలారు. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. చివరికి కేంద్ర బలగాలు రావలసి వచ్చింది. స్ట్రాబో చెప్పిన రెండు ఒడ్డుల తగవు ఇంతకన్నా వేరా? ఇది రాష్ట్రాల మధ్యనే కాదు, ఒకే కాలవ మీద ఎగువ ఊరికీ దిగువ ఊరికీ మధ్య కూడా ఉంది.

కొందరు మిత్రులు గంగమ్మ పూజలన్నీ మూఢనమ్మకమంటారు. నేనలా అనను. నీళ్ళు కనపడగానే చెప్పులు విడిచే మనిషి ఆ నీళ్ళలో చెత్త పారబోయటానికి జంకుతుంది. ఆ జంకు మనకు కావాలి. హెసియడ్ కూడా చేతులు కడుక్కొని ప్రార్థించకుండా నది దాటవద్దని హెచ్చరించాడు. కానీ మనుషులు చేసిన అన్యాయాన్ని దేవత కోపం కింద జమకట్టటం మాత్రం తప్పు. అది తాళం పట్టుకున్నవాడికే లాభం.

కనుక విద్యార్థి సోదర సోదరీమణులారా, సెలవులకు ఊళ్ళకు వెళ్ళినప్పుడు కాలవ గట్టు వెంట ఒకసారి నడవండి. మీ మేజరుకు రావలసిన నీరెంత, వచ్చిందెంత, మధ్యలో పోయిందెంత అని లెక్క అడగండి. ఎగువ ఊరి మిత్రుడు మీ పక్క బెంచీలోనే ఉంటాడు, వాణ్ణీ వెంటబెట్టుకెళ్ళండి. ఈసారి కాలవకు నీళ్ళొచ్చిన రోజున మా అమ్మ పళ్ళెం నేనే మోస్తాను. పక్కనే మా నాయన లెక్కల పుస్తకం కూడా తీసుకెళ్తాను.