‘తత్సమానం’ అనే మాటకు తూకం ఏది?

“పదవ తరగతి లేక తత్సమాన పరీక్షలో ఉత్తీర్ణులై ఉండవలెను” అనే వాక్యం మన విద్యార్థులందరికి సుపరిచితమే. ఉద్యోగ ప్రకటనలలోను, ప్రవేశ పత్రాలలోను అది తప్పక కనిపిస్తుంది. పదవ తరగతి అనే మాటను గూర్చి ఎవరికీ సందేహం లేదు. చిక్కంతా ‘తత్సమాన’ అనే మాట దగ్గరనే ఉన్నది. సార్వత్రిక పాఠశాల ద్వారా పరీక్ష వ్రాసినవారు, పొరుగు రాష్ట్రపు బోర్డులో చదివి వచ్చినవారు, మదరసాలో కొన్నేండ్లు చదివి తరువాత బడి చదువుకు మళ్ళినవారు ఈ మాట ముందర నిలిచిపోతారు. తమ చేతిలోని పత్రం గీతకు ఇవతల ఉన్నదో అవతల ఉన్నదో వారికి తెలియదు. ఒక్క మాట మీద ఒక విద్యాసంవత్సరమే ఆధారపడి ఉన్నప్పుడు, ఆ మాట ఎక్కడనుండి వచ్చినది, దేనిని కోరుతున్నది అని విచారించడం కేవలం భాషావినోదం కాదు.

తెలుగు వ్యాకరణం చదివినవారికి దీనికి దగ్గరి మాట మరొకటి తెలుసు. అది ‘తత్సమం’. సంస్కృత పదం తన రూపాన్ని నిలుపుకొని తెలుగు ప్రత్యయం చేర్చుకొన్నప్పుడు దానిని తత్సమం అంటాము. రూపం మారి వచ్చినదానిని తద్భవం అంటాము. ‘విద్య’ తత్సమం, ‘విద్దె’ తద్భవం. విద్దె అన్నంత మాత్రాన చదువు విలువ తగ్గిపోలేదు. కనుక తత్సమం అనేది రూపానికి సంబంధించిన మాట; తత్సమానం అనేది విలువకు సంబంధించిన మాట. ఈ రెంటి నడుమనున్న భేదాన్ని గుర్తించకపోవడమే మన చిక్కులు చాలవాటికి మూలమని నా అభిప్రాయం. రూపం ఒకటి కాకపోతే విలువ కూడ ఒకటి కాదని కొందరు తలుస్తారు. రూపం ఒకటైతే చాలు, విలువ కూడ ఒకటేనని మరికొందరు తలుస్తారు. ఉప్పును, కర్పూరాన్ని ఎదురెదురుగా పెట్టి చూపిన వేమన ఈ రెండవ పొరపాటును ఏనాడో హెచ్చరించాడు.

సమానతను చెప్పే మాటలు మన వాడుకలో అనేకం ఉన్నవి. ఒక్కొక్కటి ఒక్కొక్క దృశ్యాన్ని లోన దాచుకొన్నది. ‘సమ’ అనే సంస్కృత పదానికి ఎగుడు దిగుడు లేనిది అని ఒక అర్థం. మన ప్రాంతపు నాపరాళ్ళు పరిచే మేస్త్రీ రసమట్టం పెట్టి చూచేది ఈ సమమే. ఈ పదానికి పారసీక భాషలో ఒక తోబుట్టువు ఉన్నది. సంస్కృతంలోని సకారం ఆ వైపు హకారమైనందున అది ‘హమ్’ అయినది. ఉర్దూలోని హమ్‌సఫర్, హమ్‌దర్ద్, హమ్‌జమాత్ అనే మాటలలో మొదట నిలిచినది అదే. హమ్‌జమాత్ అంటే సహాధ్యాయి, ఒకే తరగతివాడు. ‘మేము’ అనే అర్థంలో ఉర్దూలో వాడే హమ్ వేరు. దానికి దీనికి చుట్టరికం లేదు. ఈ సంచికలో ఒక భాగం కుడినుండి ఎడమకు, మరొక భాగం ఎడమనుండి కుడికి చదువుకొనే మనకు, ‘సమ’, ‘హమ్’ ఒకే తల్లి బిడ్డలని తెలియడం సంతోషకరమైన విషయం.

రెండవ మాట ‘తుల్యం’. తుల అంటే త్రాసు. తులతో తూచగా సరిపోయినది తుల్యం. పాణిని అష్టాధ్యాయిలో నాల్గవ అధ్యాయం నాల్గవ పాదంలో ఈ పదసిద్ధికి సూత్రమే ఉన్నది. అదే సూత్రం వయస్సులో సమానుడైనవానిని ‘వయస్యుడు’ అనడాన్ని కూడ సాధిస్తుంది. స్నేహితునికి ఆ పేరు అట్లు వచ్చినది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తత్సమాన్ని నిర్వచించడానికి ఎన్నుకొన్న మాట కూడ ‘తుల్యం’ అన్నదే. పెండ్లి బంగారం కొరకు ముద్దనూరు నుండి ప్రొద్దుటూరు అంగళ్ళకు వెళ్ళే తల్లిదండ్రులు ఎన్ని తులాలు అని మాట్లాడుకొన్నప్పుడు, తెలియకుండానే ఈ తులనే తలుస్తున్నారు. ఆ దుకాణంలోని తూకపు సాధనానికి మన భాషలో మూడు పేర్లున్నవి. తక్కెడ అచ్చ తెలుగు. తుల సంస్కృతం. త్రాసు పారసీకపు ‘తరాజూ’ నుండి వచ్చినది. మూడు భాషలు కలిసి ఒక్క పని చేస్తున్నవి.

‘సరి’ ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. తమిళంలోను, కన్నడంలోను, మలయాళంలోను అది ఉన్నది. సరిపోయినది, సరితూగినది, సరిసంఖ్య, సరిజోడు అని ఎన్నో విధాల వాడుతాము. అంగీకారాన్ని తెలిపే ‘సరే’ కూడ దానినుండి వచ్చినదే. ఎదుటివాని మాట నా మనస్సులో సరితూగినదని దాని భావం. ఇక ‘సాటి’ అనే మాట మరింత లోతైనది. సాటి అంటే సమానం. ‘సాటి మనిషి’ అంటే తోటి మనిషి. తోటివానిని పేర్కొనడానికే తెలుగువారు సమానుడనే మాటను వాడుకొన్నారు. ఎవరినైనా సాటి మనిషి అని పిలిచిన తరువాత తక్కువగా చూడడం భాషకే ద్రోహం చేసినట్లు.

నాల్గవది ‘బరాబరు’. పారసీకంలో ‘బర్’ అంటే రొమ్ము. రొమ్ముకు రొమ్ము ఎదురుగా, లేక ప్రక్కప్రక్కన ఒక్క వరుసగా నిలుచుటే బరాబర్. నమాజు వరుసలో ధనికుడు, పేద భుజానికి భుజం చేర్చి నిలుచునప్పుడు ఈ అర్థం కంటికి కనిపిస్తుంది. తెలుగులోకి వచ్చిన తరువాత ఈ మాట రెండు దారులు తొక్కినది. ‘వానికి నేను బరాబరు’ అనేది ఒక దారి. పూర్వకాలపు కొలువుల వర్ణనలో వేత్రహస్తులు జనాన్ని వరుసలో నిలుపుతూ చేసే ‘బరాబరులు’ రెండవ దారి. ఇటువంటి మాటలను తక్కువగా చూడక గ్రంథస్థం చేసిన ఘనత బ్రౌను దొరది. 1820లో కడపకు వచ్చి తెలుగునకు జీవితాన్ని ధారపోసిన ఆయన, తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్య, మిశ్రభాషా పదాల కొరకు 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువునే ప్రకటించాడు. కడప జిల్లా వ్యవహారభాషలో తెలుగుతో పాటు ఉర్దూ మాటలకు గల స్థానాన్ని అంత స్పష్టంగా గుర్తించినవారు అరుదు.

ఆంగ్లంలోని ‘ఈక్వివలెంట్’ లాటిన్ నుండి వచ్చినది. అందులో సమం అనే భాగం, బలం కలిగియుండుట అనే భాగం కలిసి ఉన్నవి. సమానమైన బలం గలది అని తాత్పర్యం. మన ‘విలువ’లో బలం లేదు, బేరం ఉన్నది. ప్రాచీన తెలుగులో ‘విలుచు’ అంటే కొనుట. 

ఈ మాటలన్నిటినీ ఒకచోట చేర్చి చూచినచో ఒక సత్యం గోచరిస్తుంది. ఒకే రకమైన రెండు వస్తువులు సమానమని చెప్పడానికి కన్ను చాలు. వేరువేరు రకాల వస్తువులు విలువలో సమానమని చెప్పడానికి మాత్రం మూడవది ఒకటి కావలెను. అది తక్కెడ, అందులో వేసే పడికట్టు. వెనుకటి కంసాలి బంగారాన్ని గురివింద గింజలతో తూచేవాడు. తొంబదియారు గింజల ఎత్తు ఒక తులమని లెక్క. గింజకు బంగారపు వెల లేదు. అయినా తూకానికి ఇరుపక్షాలు దానిని ఒప్పుకొన్నవి. బ్రిటిషువారి కాలంలో తులం సుమారు 11.66 గ్రాములుగా స్థిరపడినది. నేటి బజారు మాటలో పది గ్రాములను కూడ తులమనే అంటున్నారు. పేరు ఒకటే, ఎత్తు వేరు. కనుక సమానమన్నవానిని ‘ఏ తూకంతో?’ అని అడిగే హక్కు కొనేవానికి ఉన్నది.

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చినప్పుడు దేశమంతా ఈ పాఠాన్ని చదివినది. రూపాయికి పదహారణాలు, కొత్త లెక్కలో నూరు నయా పైసలు. ఆ ప్రకారం అణాకు ఆరుంబావు పైసలు రావలెను. పావు పైసా నాణెం లేదు గనుక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 పైసలని ప్రభుత్వం పట్టిక ప్రకటించినది. నాలుగణాలు ఒకేసారి మార్చుకొన్నవానికి నష్టం లేదు. నాలుగుమార్లుగా ఒక్కొక్క అణా మార్చుకొన్నవానికి 24 పైసలే దక్కుతవి. కొద్దికొద్దిగా మార్చుకొనేవాడు ఎప్పుడూ పేదవాడే కదా! సమానత్వపు పట్టికలో మిగిలిపోయే పావు పైసా ఎవరి ఖాతాలోనికి పోతున్నదో చూడవలసి ఉన్నది.

కూలి విషయంలో కూడ ఇదే ప్రశ్న. మడక దున్నే పురుషుని పని, కలుపు తీసే స్త్రీ పని రూపంలో వేరు. రూపం వేరు గనుక కూలి వేరని చాలకాలం సమర్థించుకొన్నారు. సమానమైన విలువ గల పనికి సమానమైన వేతనం ఉండవలెనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో నూరవ ఒడంబడికను చేసినది. భారతదేశం 1958లో దానిని ఆమోదించినది. ఇక్కడ ‘ఒకే పని’ అనక ‘సమానమైన విలువ గల పని’ అనడంలోనే ఆ మాట బలమంతా ఉన్నది. మన దేశంలో 1976లో సమాన వేతన చట్టం వచ్చినది. తరువాత అది 2019 నాటి వేతనాల స్మృతిలో లీనమైనది. మెట్ట సేద్యంలో ‘ముయ్యి’కి పనిచేసే స్త్రీలు ఒక దినానికి ఒక దినం బదులు తీర్చుకొంటారు. వారి నడుమ తూకం సరిగానే ఉన్నది. తూకం తప్పేది చేతికి కూలి వచ్చేచోట.

ఇక మన చదువుల సంగతి. గణితంలో రెండు రాసులు సమానమని వ్రాయడాన్ని తెలుగులో ‘సమీకరణం’ అంటారు. ఉర్దూలో ‘మసావాత్’ అంటారు. ఉర్దూలో మనుషుల సమానత్వానికి కూడ అదే మాట. 1917లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు ఏర్పడిన అనువాద శాఖ శాస్త్రపదాలను ఉర్దూలో కూర్చినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో ఆ పని చేసినది. ఒకరు ఎక్కువగా అరబ్బీ, పారసీక ధాతువులను, మరొకరు ఎక్కువగా సంస్కృత ధాతువులను ఆశ్రయించారు. ఫలితంగా, మసావాత్‌ను చక్కగా సాధించగల విద్యార్థి మాధ్యమం మారిన మొదటి దినాన ‘సమీకరణం’ అనే మాట విని నోరు మెదపడు. వానికి గణితం రాదని తీర్పు చెప్పుట న్యాయమా? వానికి రానిది లెక్క కాదు, లెక్క పేరు. 1557లో సమాన చిహ్నాన్ని ప్రవేశపెట్టిన రాబర్ట్ రికార్డ్ రెండు సమాంతర రేఖలను గీచి, వాటికంటె సమానమైనవి మరి రెండు లేవని తలచాడు. ఆ గుర్తుకు తెలుగు లేదు, ఉర్దూ లేదు.

అయితే విలువ చూడమని కోరే మనం తూకానికి వెనుదీయరాదు. 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ మదరసా విద్యా చట్టాన్ని సమర్థిస్తూనే, కామిల్, ఫాజిల్ అనే ఉన్నత పట్టాలను ఆ బోర్డు ఇవ్వడం విశ్వవిద్యాలయ నిధుల సంఘ చట్టానికి విరుద్ధమని చెప్పినది. మైనారిటీ విద్యను ప్రభుత్వం ఒప్పుకొనవలెను. ఆ విద్య కూడ ప్రమాణాలను ఒప్పుకొనవలెను. ‘మాది వేరు, కనుక తూచవద్దు’ అనేవారికి ‘మేమూ సమానమే’ అనే హక్కు బలహీనపడుతుంది. బరాబరు అంటే రొమ్ము చూపి నిలుచుట. దాగి నిలుచుట కాదు, చేయి చాచి నిలుచుట కూడ కాదు.

కళాశాల సంఘంవారికి మూడు మనవులు చేస్తున్నాను. ప్రవేశ సమయానికి ముందే ఏ బోర్డు పరీక్ష దేనికి తత్సమానమో, ఏ ఉత్తర్వు ప్రకారమో తెలిపే పట్టికను తెలుగులోను, ఉర్దూలోను గోడపై అతికించవలెను. విద్యార్థి పత్రాన్ని త్రోసిపుచ్చినచో కారణాన్ని వ్రాతపూర్వకంగా ఇవ్వవలెను. తూచినవాడు ఎత్తు చెప్పక తప్పదు. మొదటి సంవత్సరపు విద్యార్థుల కొరకు శాస్త్రపదాలను ఉర్దూ, తెలుగు, ఆంగ్లాలలో ప్రక్కప్రక్కన చూపే చిన్న పుస్తకాన్ని అధ్యాపకులము, విద్యార్థులము కలిసి తయారు చేయవలెను. ఇందుకు పెద్ద ధనం అవసరం లేదు. ఉర్దూ శాఖవారు, తెలుగు శాఖవారు వారానికి ఒక గంట ఒకే బల్ల చుట్టు కూర్చుంటే చాలును.

విద్యార్థి మిత్రులారా! మీ చేతిలోని పత్రం ఏ భాషలో ఉన్నా, ‘తత్సమానం’ అనే మాట మిమ్ములను మరొకరివలె మారమని కోరడం లేదు. మీ విద్దె విద్యకు సరితూగవలెనని మాత్రమే కోరుతున్నది. ఆ తూకానికి సిద్ధపడండి. తక్కెడ పట్టినవాని చేయి నిలకడగా ఉన్నదో లేదో చూచే బాధ్యత మాది.