వాడ నుంచి – 17: శ్మశానానికి ఒక ట్యాంకరు నీళ్లు



చైత్రం వస్తుందంటే ఒంటిమిట్ట ముస్తాబవుతుంది. రాష్ట్రం విడిపోయాక, 2015 నుంచి ఇక్కడి కోదండరాముడి కల్యాణం ప్రభుత్వ ఉత్సవం. ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తెస్తారు. అంతకు ముందు కొన్ని రోజులు రోడ్డు పక్క కంప కొడతారు, సున్నం గీతలు గీస్తారు, బ్లీచింగ్ చల్లుతారు, మొక్కలకు ట్యాంకర్లతో నీళ్లు పోస్తారు. ఇందులో నాకు అభ్యంతరమేమీ లేదు. ఆ రోడ్డు మీద నడిచే లక్షల మందిలో మావాళ్లూ ఉంటారు.

నా ప్రశ్న పండగ దాటాక మొదలవుతుంది. మిగతా సంవత్సరమంతా, మంత్రులు రాని వీధుల్లో, పచ్చదనం ఎవరి పని? ఎవరి హక్కు?

ఈ చుట్టుపక్కల ఒక పంచాయతీ సంగతి చెబుతాను. పేరు రాయను. చదివేవాళ్లు తమ ఊరి పేరు పెట్టుకోవచ్చు. మా పెద్దమ్మ అక్కడ పారిశుద్ధ్య పని చేస్తుంది. ఆఫీసు ముందు చిన్న తోట, రెండు సిమెంటు బల్లలు. ఆ మొక్కలు బతికిందే ఆమె చేతుల మీద.

ఒకరోజు అడిగాను. "పెద్దమ్మా, ఆ బల్ల మీద ఎప్పుడన్నా కూచున్నావా?"

"లేదబ్బీ."

"ఎవురన్నా వద్దన్నారా?"

"ఎవురూ అన్లేదు. అనాల్నా?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. బోర్డు లేదు, తాడు కట్టలేదు, ఎవరూ తరమలేదు. కేసు పెడదామంటే సాక్ష్యం కూడా లేదు.

మా వాడకు ఉన్న ఒకే ఒక ఉమ్మడి స్థలం శ్మశానం. పోయిన మే నెలలో ఒక ముసలాయనను పూడ్చడానికి పోతే, గుంత తవ్వినంతసేపూ ఆడవాళ్లు ఎండలో నిలబడ్డారు. ఒక చెట్టు లేదు. వానలు పడ్డాక పిల్లలం కలిసి నలభై వేప, కానుగ మొక్కలు నాటాం. గ్రామసభలో లేచి అడిగాను. వారానికొక ట్యాంకరు నీళ్లు, చుట్టూ కంచె. ఒక పెద్దమనిషి నవ్వాడు. "శ్మశానంలో పార్కేంది, యాడన్నా ఉందా?" అన్నాడు. సభంతా నవ్వింది. నిధులు లేవన్నారు. అడిగిన సంగతి తీర్మానాల పుస్తకంలో కూడా రాయలేదు. ఎండాకాలానికి మొక్కల్లో సగానికి పైగా ఎండిపోయాయి. కంచె లేని వైపు పక్క పొలం గట్టు ఏటా కాస్త ముందుకు జరుగుతోంది.

ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు బోయలు దాహంతో వచ్చిన కంపరాయలకు నీళ్లు చూపించారని, వాళ్ల పేర్ల మీదే ఒంటిమిట్ట వెలిసిందని స్థలపురాణం. నీళ్లు చూపినవాళ్ల పేరు ఊరికి పెట్టుకున్న సీమ ఇది. ఇక్కడే మేం మొక్కలకు నీళ్లడిగితే నవ్వులాటయింది.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదకొండో షెడ్యూలులో 29 అంశాలను పంచాయతీలకు చూపింది. సామాజిక అడవులు, పారిశుద్ధ్యం, ఉమ్మడి ఆస్తుల నిర్వహణ అందులోవే. నిధులు లేవనే మాట కూడా నిలవదు. 15వ ఆర్థిక సంఘం 2021–26 గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టేసింది. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకే. మా అవసరం ఆ లెక్కలోకి ఎందుకు రాదన్నదే ప్రశ్న.

తీర్మానం ఒక్కటే చాలదని బాబాసాహెబ్ అనుభవం చెబుతుంది. 1924లో మహాడ్ మున్సిపాలిటీ చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానం చేసింది. మూడేళ్లు ఒక్క అంటరాని మనిషీ అక్కడ నీళ్లు ముట్టలేకపోయాడు. 1927 మార్చి 20న ఆయన వేలమందితో నడిచిపోయి నీళ్లు తాగాకే అది కదిలింది. అదే ఏడాది మున్సిపాలిటీ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. కోర్టులో గెలవడానికి 1937 దాకా పట్టింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, రోడ్లు, జనం చేరే చోట్ల వాడకంలో కులం అడ్డు రాకూడదని రాజ్యాంగం 15(2)లో రాసుకున్నది ఆ పోరాటాల తర్వాతే. మా పెద్దమ్మ కూర్చోని ఆ బల్ల కూడా ఆ అధికరణం కిందికే వస్తుంది.

అందుకే విద్యార్థి మిత్రులకు నాలుగు పనులు. ఒకటి, మీ వాడ శ్మశానం సర్వే నంబరు, విస్తీర్ణం రెవెన్యూ రికార్డులో వెతికి రాసుకోండి. రెండు, సర్వేయర్‌తో హద్దులు కొలిపించమని తహసీల్దారుకు అర్జీ పెట్టండి. మూడు, మొక్కలు, కంచె, నీళ్లు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చమని గ్రామసభలో రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. నాలుగు, ట్యాంకరు ఏ వీధికి ఎన్నిసార్లు పోయిందో సమాచార హక్కు కింద అడగండి.

ఏప్రిల్ 14న విగ్రహానికి దండ వేస్తాం. ఏప్రిల్ 24న పంచాయతీరాజ్ దినోత్సవమని ఉపన్యాసాలు వింటాం. ఆ రెండింటి మధ్య పది రోజులున్నాయి. ఆ పది రోజుల్లో అర్జీ పడాలి. మాది ఇప్పటికే రాశాం. మొదటి సంతకం పెద్దమ్మది. పెట్టడానికి ఆమె ఆ బల్ల మీదే కూర్చుంది.

జై భీమ్.