సెప్టెంబరు పదితో ఆగిపోయిన పాల లెక్క

2005 నాటి సంగతి. మా అపార్ట్‌మెంట్లో 24 ఫ్లాట్లు. అందరికీ ఒకే కుర్రాడు పాల ప్యాకెట్లు వేసేవాడు. నెలాఖరులో గడప గడపకీ తిరిగి డబ్బులు అడుక్కోవడం అతనికి పెద్ద తంటా అయిపోయింది. అది చూసి జాలిపడ్డ మా సంఘం కార్యదర్శి, రిటైరైన లెక్కల మాస్టారు, ఆ పద్దు తన నెత్తిన వేసుకున్నారు. అప్పుడే మనవడు కంప్యూటర్ కొనిపెట్టాడు కదా, ఇక పుస్తకాలెందుకని గళ్ల షీటు తెరిచారు.

మొదటి నిలువు గడిలో ఫ్లాట్ నంబరు, రెండో దాంట్లో పేరు, మూడో దాంట్లో ఫోన్. నాలుగో గడి నుంచి తేదీలు. జనవరి 1, జనవరి 2, జనవరి 3... ఇలా రోజుకో కాలమ్. ఏ రోజు ఎవరింట్లో ఎన్ని ప్యాకెట్లో టకటకా కొట్టేసేవారు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. ఎనిమిది నెలలు సాఫీగా సాగింది. సెప్టెంబరు 11 పొద్దున్నే మా తలుపు తట్టారు.

‘‘నాయనా, కంప్యూటర్ పాడైపోయినట్టుంది. కుడివైపుకి వెళ్లనంటోంది.’’

వెళ్లి చూద్దును కదా, కంప్యూటర్ నిక్షేపంలా ఉంది. అయిపోయింది గళ్లే! ఆ రోజుల్లో గళ్ల షీటుకి నిలువు వరసలు 256 మాత్రమే. ఫ్లాటుకీ, పేరుకీ, ఫోనుకీ మూడు పోతే మిగిలినవి 253. ఏడాదిలో 253వ రోజు ఏదో లెక్కేసుకోండి. సరిగ్గా సెప్టెంబరు 10.

నేను వివరం చెప్పేలోపే మాస్టారు రెండో షీటు మొదలెట్టేశారు. అక్కడే వచ్చింది చిక్కు. మధ్యలో 203 వాళ్లు ఖాళీ చేశారు, కొత్తవాళ్లు దిగారు. పాత షీటులో వాళ్లది ఒక వరస, కొత్త షీటులో ఇంకో వరస. నెలాఖరుకి రెండు షీట్లూ కలిపి కూడితే ఒకరి పాలు ఇంకొకరి ఖాతాలో పడ్డాయి. ఇద్దరు ముగ్గురి లెక్క అసలు కూడికలోకే రాలేదు. పాలు వేసే కుర్రాడికి ఆరువందల చిల్లర తక్కువ వచ్చింది. అతనికి అది చిన్న మొత్తం కాదు. గొడవేమీ చేయలేదు గానీ, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి మాస్టారి ముందు పెట్టాడు. ఆ పుస్తకం సంగతి తర్వాత చెబుతాను.

‘అదంతా పాతకాలం. ఇప్పుడు ఎక్సెల్‌లో కాలమ్‌లు 16,384 ఉన్నాయిగా’ అంటారేమో. నిజమే, 2007 వెర్షన్ నుంచీ ఉన్నాయి. రోజుకో గడి చొప్పున 44 ఏళ్ల పాలు రాసుకోవచ్చు. కానీ బ్యాంకులూ, ఆసుపత్రులూ, రైలు రిజర్వేషన్లూ లెక్కలు దాచుకునేది డేటాబేస్‌లలో. వాటి దగ్గర ఈ ఉదారత కనిపించదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఒక పట్టికకి గరిష్ఠం 1,600 కాలమ్‌లు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు పట్టికకి 1,024. మైఎస్‌క్యూఎల్ 4,096 అని చెబుతుంది గానీ, దాని లోపల సాధారణంగా పనిచేసే ఇన్నోడీబీ 1,017 దగ్గరే చేతులెత్తేస్తుంది. ఒరాకిల్ ఏళ్ల తరబడి వెయ్యి దగ్గరే ఉండి, ఈమధ్యే 4,096కి వచ్చింది. మాస్టారి పాల లెక్క ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పెట్టినా మూడేళ్లు నిండకుండానే ఆగిపోయేదన్నమాట!

అంత పెద్ద యంత్రాలకి ఈ పిసినారితనం ఎందుకంటారా? డేటాబేస్ తన సరుకంతా పేజీలుగా దాచుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో పేజీ మామూలుగా 8 కిలోబైట్లు, అంటే 8,192 బైట్లు. ఒక మనిషి తాలూకు అడ్డు వరస మొత్తం ఒక పేజీలో ఇమడాలి. పొడుగాటి రాతలుంటే వేరేచోట దాచి ఇక్కడ గుర్తు చీటీ పెట్టుకోగలదు. అంకెలకు ఆ వెసులుబాటు లేదు. నాలుగు బైట్ల అంకెలు 1,600 అయితే 6,400 బైట్లు, ఇమిడిపోతాయి. ఎనిమిది బైట్ల అంకెలైతే 12,800 అవుతాయి, పట్టవు. అంటే 1,600 అన్నది పైకి చెప్పే మాటే, అసలు హద్దు అంతకంటే ముందే తగలొచ్చు. ఇంకో తమాషా. అక్కర్లేదని తీసేసిన కాలమ్ కూడా అందులో లెక్కలోనే ఉంటుంది. ఖాళీ చేసిన అద్దె ఇంటికి కరెంటు బిల్లు వస్తున్నట్టు.

ఇంకో ఇబ్బంది హద్దు తగలక ముందే మొదలవుతుంది. ఒక్క ఫోన్ నంబరు కావాలన్నా ఆ వరస ఉన్న పేజీ మొత్తాన్ని చదవాల్సిందే. ఉప్పు డబ్బా కోసం వంటింటి అలమర మొత్తం హాల్లోకి మోసుకొచ్చినట్టు. (కాలమ్‌లను విడివిడిగా దాచుకునే డేటాబేస్‌లూ ఉన్నాయి. పెద్ద పెద్ద లెక్కలు తీసేవాళ్లు వాడతారు. వాటి దారి వేరు.)

ఇది చాలామంది చేసే పొరపాటే. చిరునామాల పట్టికలో ఫోన్ 1, ఫోన్ 2, ఫోన్ 3 అని కాలమ్‌లు పెడతారు. నాలుగో ఫోన్ కొన్నవాడు రాగానే ఇంకో కాలమ్. మిగతా అందరికీ అక్కడ ఖాళీ. ఆ ఖాళీకి అర్థమేమిటి? ఫోన్ లేదనా, ఉంది గానీ ఎవరూ రాయలేదనా? మాస్టారి షీటులోనూ అంతే. ఖాళీ గడి కనిపిస్తే ఆ రోజు పాలు వద్దన్నారో, మాస్టారే మరిచిపోయారో చెప్పడం బ్రహ్మతరం కాలేదు.

దీనికి విరుగుడు 1970లోనే చెప్పినాయన ఉన్నాడు. పేరు ఎడ్గర్ కాడ్. ఇంగ్లండ్‌లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడిపాడు. తర్వాత అమెరికా వెళ్లి శాన్ హోసేలోని ఐబీఎం పరిశోధనశాలలో పనిచేశాడు. ఒకే మనిషికి మళ్లీ మళ్లీ వచ్చే వివరాలను అతని వరసలోనే కుక్కకుండా, విడదీసి వేరే పట్టికలో పెట్టమన్నాడు. రెంటినీ కలపడానికి ఒక గుర్తు నంబరు చాలన్నాడు. సొంత కంపెనీ ఆ మాట మీద సరుకు తేవడానికి తాత్సారం చేస్తుంటే, 1979లో ఇంకొకరు ఒరాకిల్ తెచ్చి అమ్మేశారు. కాడ్‌కి 1981లో ట్యూరింగ్ పురస్కారం వచ్చింది.

నన్నడిగితే, కొత్త సంగతి చేరినప్పుడు పట్టిక కిందకి పెరుగుతోందా, కుడికి పెరుగుతోందా అని చూడండి చాలు. కుడికి పెరుగుతుంటే ఎక్కడో తేడా ఉంది. ఆరు వందల ప్రశ్నలున్న సర్వేకి ఆరు వందల కాలమ్‌లు పెడితే నేను తప్పుపట్టను, ఆ ప్రశ్నలు రోజూ పెరగవు కనుక. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008లో, చాలా గడులు ఖాళీగా ఉండే పట్టికల కోసమని 30,000 కాలమ్‌ల దాకా సదుపాయం తెచ్చింది. అవసరం ఉన్నవాళ్లకి అది వరమే. అలవాటుగా వాడేవాళ్లకి మాత్రం తప్పు బయటపడే రోజు వాయిదా పడుతుందంతే.

కిందకి పెరిగితే మాత్రం హద్దు ఉండదా? ఉంటుంది. అది పాలతో పోని సంగతి కూడా. 2020 అక్టోబరులో కరోనా రెండో విడత మొదలవుతుండగా ఇంగ్లండ్‌లో లెక్క ఒక్కసారిగా ఎగిరిపడింది. కారణం తవ్వితే తేలిందేమిటంటే, ల్యాబులు పంపిన ఫలితాలను అక్కడి ప్రజారోగ్య సంస్థ పాతరకం ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కిస్తోంది. వాటిలో అడ్డు వరసలు 65,536 మాత్రమే. ఒక్కో రోగికి అనేక వరసలు పట్టడంతో, ఒక్కో ఫైలు 1,400 మందికి మించి మొయ్యలేకపోయింది. మిగిలినవాళ్లు చప్పుడు లేకుండా జారిపోయారు. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా అలా జారిపోయినవాళ్లు 15,841 మంది. జబ్బు ఉందని వాళ్లకి కబురు అందింది. కానీ వాళ్లతో తిరిగినవాళ్లను వెతికి హెచ్చరించే సిబ్బందికే సమయానికి పేర్లు చేరలేదు. అలా ఎందరికి అంటుకుందో, ఎందరు పోయారో లెక్కగట్టిన ఆర్థికవేత్తలు మరణాలే 1,500 దాటి ఉంటాయని అంచనా వేశారు. డేటాబేస్ అయితే చోటు చాలనప్పుడు ‘ఇది పట్టదు’ అని మొహం మీదే చెప్పి ఆగిపోతుంది. ఆ విసుగు మనకి నచ్చదు గానీ, నోరు మూసుకుని పేర్లు మింగేయడం కంటే నయం కదూ!

ఇక ఆ కుర్రాడి నోటుబుక్కు. అందులో ఒక్కో వరసకి మూడే ముక్కలు. తేదీ, ఫ్లాటు, ఎన్ని ప్యాకెట్లు. అదీ రోజూ రాయడు. మామూలుగా వేసేదానికి తేడా వచ్చిన రోజే రాస్తాడు. ‘14, 304, రెండు ఎక్కువ.’ ‘20, 102, వద్దు.’ ఎవరు ఎన్ని మామూలుగా తీసుకుంటారో వెనక పేజీలో వేరే జాబితా. మాస్టారు అద్దాలు పెట్టుకుని పది నిమిషాలు దాన్నే తిప్పి చూశారు. కాడ్ చెప్పినది అక్షరాలా అదే మరి.

2006 జనవరి ఒకటి నుంచి మాస్టారి షీటు కూడా మూడు కాలమ్‌లకి మారింది. రోజూ అందరివీ రాసినా ఏడాదికి 8,760 వరసలు. తేడాలు మాత్రమే రాయడంతో అందులో సగం కూడా కాలేదు. తక్కువ వచ్చిన ఆరువందల చిల్లర మాస్టారే ముందు జేబులోంచి ఇచ్చేసి, తర్వాత ఎవరెవరి వాటా ఎంతో లెక్క తీసి వసూలు చేసుకున్నారు. 203లోంచి ఖాళీ చేసి వెళ్లినవాళ్ల వాటా మాత్రం రాలేదట.