పొగ పోతే చాలదు

కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఆమోదించిన ప్రధానమంత్రి ఈ-బస్ సేవ పథకం కింద దేశంలోని నగరాలకు 10,000 విద్యుత్ బస్సులు సమకూర్చాలన్నది లక్ష్యం. వాటిలో 50 బస్సులను ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్-భిలాయ్‌కి కేటాయించారు. ఉక్కు కర్మాగారంలో ఉపాధి కోసం తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడిన పట్టణమది. కొలిమి పొగకు తోడు డీజిల్ పొగనూ పీల్చవలసి వస్తున్న అక్కడి ప్రజలకు ఇది ఊరట కలిగించే నిర్ణయమే. అయితే, ఈ బస్సులతో భూతాపం కూడా తగ్గుతుందా అన్న ప్రశ్నకు సమాధానం బస్సులో లేదు. దానికి కరెంటునిచ్చే విద్యుత్ కేంద్రంలో ఉంది.

లెక్క సులభమే. లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. లీటరుకు 4 కిలోమీటర్లు నడిచే నగర బస్సు కిలోమీటరుకు 700 గ్రాముల దాకా విడుదల చేస్తుందన్నమాట. విద్యుత్ బస్సుకు కిలోమీటరుకు సుమారు ఒక యూనిట్ కావాలి. 2023-24లో దేశంలో ఉత్పత్తి అయిన విద్యుత్తులో సుమారు నాలుగింట మూడు వంతులు బొగ్గుదే కనుక, ఆ యూనిట్ వెనుక కూడా దాదాపు 700 గ్రాములున్నాయి. అంటే పొగ భిలాయ్ వీధుల నుంచి కోర్బా విద్యుత్ కేంద్రాల గొట్టాలకు మారిందే తప్ప మాయం కాలేదు.

2020 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాల సంగతీ ఇంతే. ఇంధనంలో గంధకం పది లక్షల పాళ్లలో 50 నుంచి 10 పాళ్లకు తగ్గింది. ఊపిరితిత్తులకు అది మేలే. కానీ బొగ్గుపులుసు వాయువు పరిమాణం మండిన ఇంధనాన్ని బట్టే ఉంటుంది.

విచిత్రమేమంటే, అసలైన పరిష్కారాలలో ఒకటి భిలాయ్‌లోనే తయారవుతోంది. 1959లో తొలి కొలిమి వెలిగిన ఈ కర్మాగారం దశాబ్దాలుగా రైల్వేలకు పట్టాలు అందిస్తోంది. 260 మీటర్ల పొడవైన పట్టాలను సైతం పంపుతోంది. ఉక్కు పట్టాపై ఉక్కు చక్రానికి రాపిడి తక్కువ. అందుకే టన్ను సరకును లారీలో కన్నా రైలులో తరలిస్తే ఉద్గారాలు అనేక రెట్లు తగ్గుతాయి. సరకు రవాణాలో రైల్వేల వాటాను 27 నుంచి 45 శాతానికి పెంచాలని జాతీయ రైలు ప్రణాళిక సంకల్పించింది. 2030 గడువు దగ్గరపడింది. లారీ సరకు రైలెక్కనిదే ఆ సంకల్పం కాగితం దాటదు.

విద్యుత్ బస్సులు వద్దనడం మా అభిమతం కాదు. డీజిల్ బస్సు ఎన్నాళ్లు నడిచినా డీజిల్ బస్సే. విద్యుత్ బస్సు మాత్రం గ్రిడ్ శుభ్రపడే కొద్దీ తానూ శుభ్రపడుతుంది. కనుక డిపోలలో సౌర ఫలకాలు అమర్చాలి. పగటి సౌర విద్యుత్తుతో బ్యాటరీలు నింపేలా వేళలను సవరించాలి. హైదరాబాద్, విశాఖలకూ ఇదే గీటురాయి. 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గో వేదికపై ప్రపంచానికి మాట ఇచ్చిన దేశం బస్సులను లెక్కించి తృప్తిపడరాదు, వాటిని నడిపే ప్రతి యూనిట్‌నూ లెక్కించాలి.