నీటిబొట్టు రవ్వ... రాయికెంత, కథకెంత?

నిశ్చితార్థం నెల రోజుల్లోకి వచ్చేసింది. ఉంగరం ఎలా ఉండాలో పెళ్లికూతురు ఎప్పుడో తేల్చేసుకుంది. గుండ్రటి రాయి వద్దు, చదరపుది అసలే వద్దు. ఒకవైపు గుండ్రంగా, రెండోవైపు మొనదేలి, ఆకు చివర రాలబోతున్న నీటిబొట్టులా ఉండే వజ్రం కావాలి. దుకాణాల్లో 'పేర్ షేప్' అంటారు. బేరిపండు ఆకారమన్నమాట. అమ్మమ్మ ఆ ఫొటో చూసి, "మామిడిపిందెలా ఉందే! ఇలాంటి రవ్వే నా ఉంగరానికీ ఉందిగా" అంది.

లాకర్లోంచి డబ్బీ బయటికొచ్చింది. యాభై ఏళ్ల కిందట మద్రాసులో చేయించిన ఉంగరం. బంగారం అరిగింది. రాయి మొన దగ్గర చిన్న పెచ్చు లేచింది. అయినా దీపం కింద పెడితే మెరుపు తగ్గలేదు. ఇంకేం, ఇంట్లో రెండు పార్టీలు! పాతది ఇచ్చేసి కొత్తది తీసుకుందామని నాన్న లెక్క. "మా అమ్మ గుర్తండీ అది, ఎలా ఇచ్చేస్తాం?" అని అమ్మ బాధ. దుకాణంలో అడిగితే, "బంగారానికి తూకం కట్టి ఇస్తామండీ. రాయికి సర్టిఫికెట్ లేదు కదా, చెప్పుకోదగ్గ రేటేమీ రాదు" అన్నారు. అమ్మమ్మ మొహం చిన్నబోయింది.

ఇలాంటి చర్చ జరగని పెళ్లిళ్ల ఇల్లు తక్కువే. పాతదా, కొత్తదా అని తేల్చుకునే ముందు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇచ్చే డబ్బులో రాయికెంత, బంగారానికెంత, కథకెంత?

నెపోలియన్ ఉంగరం చెప్పిన లెక్క

1796లో నెపోలియన్ జోసెఫిన్‌కి ఇచ్చిన నిశ్చితార్థపు ఉంగరంలో రెండు రాళ్లున్నాయి. ఒకటి వజ్రం, ఒకటి నీలం. రెండూ నీటిబొట్టు ఆకారమే. రెండూ క్యారెట్‌లోపువే. 2013లో ఫ్రాన్స్‌లో దాన్ని వేలం వేశారు. వేలల్లో యూరోలు వస్తే గొప్ప అనుకున్నారు. తీరా పాట ఏడు లక్షల యూరోలు దాటింది! అంత ధర ఆ చిన్న రాళ్లకి కాదు, వాటి వెనకున్న కథకి.

మరో ఉదాహరణ. 1969లో నటుడు రిచర్డ్ బర్టన్ తన భార్య ఎలిజబెత్ టేలర్ కోసం 69.42 క్యారెట్ల నీటిబొట్టు వజ్రాన్ని కొన్నాడు. అంతకు ముందురోజే వేలంలో కార్టియర్ సంస్థ దాన్ని 10.5 లక్షల డాలర్లకు పాడుకుంది. తీరా చూస్తే అది ఉంగరంగా పెట్టుకోవడానికి మరీ బరువు. చివరికి హారంలో పొదిగించుకుంది టేలర్. వేలికి నప్పని రాయి ఎంత ఖరీదైనా ఉంగరానికి పనికిరాదని అంత పెద్ద తారకూ తెలిసొచ్చింది.

ఈ ఆకారానికీ తెలుగునేలకీ దగ్గర చుట్టరికమే ఉంది. 18వ శతాబ్దంలో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా మన దేశం నుంచే వెళ్లేవి. అందులో కృష్ణాతీరంలోని కొల్లూరుది పెద్ద పేరు. ఆర్కాటు నవాబు ఇంగ్లండు రాణి షార్లెట్‌కి కానుకగా ఇచ్చిన రెండు నీటిబొట్టు వజ్రాలూ గోల్కొండ వజ్రాలే. వాటిలో చిన్నది, 17.21 క్యారెట్లది, 2019లో న్యూయార్క్ వేలంలో 33 లక్షల డాలర్లకు పైనే పలికింది. అందుకే 'గోల్కొండ రాయి' అనగానే మనసు ఒప్పేసుకుంటుంది. కానీ ఆ మాట బిల్లు మీద రాస్తే చాలదు. ప్రయోగశాల నివేదిక లేని గోల్కొండ పేరుకి అదనంగా పైసా ఇవ్వక్కర్లేదు.

మొనా, భుజాలూ, నడుమూ

గుండ్రటి వజ్రమైతే నివేదికలో 'కట్' ఎంత బాగుందో గ్రేడు చూసి సగం పని ముగించుకోవచ్చు. నీటిబొట్టు రాయికి అంత సూటైన గ్రేడు దొరక్కపోవచ్చు. కాబట్టి కళ్లకే పని చెప్పాలి.

ముందు కొలతలు. పొడవుని వెడల్పుతో భాగిస్తే 1.5 నుంచి 1.75 మధ్య వచ్చేవి చాలామందికి నచ్చుతాయి. అంతకన్నా తగ్గితే బొద్దుగా, పెరిగితే సన్నగా కనిపిస్తుంది. ఇది అభిరుచి సంగతి, తప్పొప్పులు లేవు. తర్వాత పొందిక. మొన నుంచి గుండ్రటి అంచు మధ్యకి ఒక గీత ఊహించుకోవాలి. రెండు పక్కలా ఒకేలా ఉండాలి. ఒక భుజం ఎత్తుగా, మరొకటి వాలుగా ఉన్నా, మొన పక్కకి తిరిగినా ఉంగరం వేలికి వంకరగా పెట్టుకున్నట్టే కనిపిస్తుంది.

మూడోది నీడ. ఈ ఆకారం రాళ్లలో నడుము దగ్గర అడ్డంగా సీతాకోకచిలుక రెక్కల్లా నల్లటి నీడ పడుతుంది. వ్యాపారులు 'బో టై' అంటారు. కొద్దిగా ఉండటం మామూలే. రాయిని అటూ ఇటూ తిప్పుతున్నా ఆ నలుపు కదలకుండా అలాగే ఉందంటే మాత్రం పక్కన పెట్టేయడమే మంచిది. ఇది కాగితం మీద కనపడదు. షోరూంలో ఉండే బలమైన దీపాల కింద అన్నీ మెరుస్తాయి కాబట్టి, ఉంగరాన్ని గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో చూడటానికి మొహమాటపడకూడదు.

రంగు విషయంలోనూ ఒక తిరకాసుంది. లేత పసుపు ఛాయ ఉంటే అది మొన దగ్గర పేరుకున్నట్టు కనిపిస్తుంది. తెల్ల బంగారంలోనో ప్లాటినంలోనో పొదిగిస్తే అది మరీ తెలుస్తుంది. పసుపు బంగారంలో కలిసిపోతుంది. రంగుకి ఎక్కువ ఖర్చు పెట్టలేనివాళ్లకి అదో వెసులుబాటు.

లాభం కూడా లేకపోలేదు. క్యారెట్ గుండ్రటి రాయి అడ్డంగా సుమారు ఆరున్నర మిల్లీమీటర్లుంటే, అదే బరువున్న నీటిబొట్టు రాయి పొడవు ఎనిమిదిన్నర దాకా వస్తుంది. చూపుకి పెద్దగా ఉంటుంది, వేలు పొడవుగా కనిపిస్తుంది. ధర కూడా అదే నాణ్యతున్న గుండ్రటి రాయికన్నా సాధారణంగా తక్కువే. ఇంకో చిట్కా... క్యారెట్‌కి వంద సెంట్లు. సరిగ్గా వంద సెంట్లంటే రేటు ఒక్కసారిగా మెట్టెక్కుతుంది. 94, 95 సెంట్ల రాయికీ దానికీ తేడా కంటికి ఆనదు. జేబుకి తెలుస్తుంది.

పాతదైతే భూతద్దం తప్పదు

వందేళ్లు దాటితేనే 'యాంటిక్' అనడం రివాజు. అంతకన్నా చిన్న వయసువి 'వింటేజ్'. అచ్చు పాతదానిలా ఇప్పుడు చేసింది 'వింటేజ్ స్టైల్'. ఈ చివరి మాటని చిన్న అక్షరాల్లో రాసి పాతదాని రేటు అడిగేవాళ్లున్నారు. తేడా అడిగి రాయించుకోవాలి.

1900 తర్వాతి తొలి ఏళ్లలో ప్లాటినంతో లేసు అల్లినట్టు ఉంగరాలు చేసేవారు. 1920, 30ల్లో గీతలూ కోణాలూ, పక్కన నీలాలూ వచ్చాయి. ఆ కాలపు రాళ్లని చేత్తో, కంటి అంచనాతో సానపట్టేవారు. ఇప్పటి రాళ్లలా సూదుల్లాంటి మెరుపు కాకుండా, పెద్ద పెద్ద వెలుగు ముక్కలు నెమ్మదిగా కదులుతుంటాయి. దీపపు వెలుగులో వాటి అందమే వేరు. కొలతల్లో అటూ ఇటూ ఉండటం వాటికి దోషం కాదు, పుట్టుమచ్చ.

చూడాల్సిన దోషాలు వేరే ఉన్నాయి. రాయిని పట్టుకునే కొక్కేలు అరిగాయా? కట్టడం పాతదే అయినా రాయి మధ్యలో మారిందా? వెనక మూసేసి మెరుపు కోసం రేకు పెట్టి కట్టారా? అలాంటిదైతే నీళ్లలో ముంచి కడగకూడదు, తడి లోపలికి దిగితే రేకు నల్లబడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం మొన. వజ్రాన్ని మించిన గట్టిదనం లేదు, నిజమే. గట్టిదనం అంటే గీత పడకపోవడం, విరగకపోవడం కాదు. గట్టు అంచుకి గట్టిగా తగిలితే మొన పెచ్చులూడుతుంది. అందుకే మొన మీద ఇంగ్లీషు 'వి' అక్షరంలా మడిచిన కొక్కెం ఉండాలి. అది రాయినీ కాపాడుతుంది, పట్టుచీర దారాలనీ కాపాడుతుంది.

గనిదా, ల్యాబుదా?

ఇప్పుడు దుకాణంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. ప్రయోగశాలలో పెంచిన వజ్రం నకిలీ కాదు. అదే కార్బన్, అదే గట్టిదనం, అదే మెరుపు. కంటితో చూసి తేడా చెప్పడం నగల వ్యాపారికి కూడా సాధ్యం కాదు. ధరలో మాత్రం నేలకీ నింగికీ ఉన్నంత తేడా. సూరత్‌లో ఇవి పెద్దఎత్తున తయారవుతున్నాయి. కొన్నేళ్లుగా రేటు బాగా పడిపోయింది. ముచ్చటకి పెద్ద రాయి పెట్టుకోవాలనుకునేవాళ్లకి మంచి దారే. రేపు అవసరానికి అమ్ముకుందామంటే మాత్రం పెద్దగా రాదని తెలిసి కొనాలి. గని రాయి అమ్మబోయినా కొన్న ధర రావడం అరుదే. వజ్రాన్ని బంగారంలా పెట్టుబడి అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడేది.

'అమెరికన్ డైమండ్' అని పిలిచేది జిర్కోనియా, వజ్రం కాదు. మాయిస్సనైట్ కూడా వజ్రం కాదు. కానీ వేడిని బట్టి చెప్పే చేతి పరికరాన్ని మాయిస్సనైట్ బోల్తా కొట్టించగలదు. అందుకే 'పెన్ను పెడితే లైటు వెలిగిందండీ' అన్న మాట రుజువు కాదు. జీఐఏ, ఐజీఐ వంటి సంస్థల నివేదిక అడగాలి. దాని నంబరు చాలా రాళ్లకి అంచు మీద లేజరుతో చెక్కి ఉంటుంది. భూతద్దంలో ఆ నంబరు చూపించమని, నివేదికతో సరిపోల్చుకుని అప్పుడే డబ్బు కట్టాలి.

బిల్లు చదివాకే బయటికి

హాల్‌మార్కు బంగారానికే, వజ్రానికి కాదు. 750 అంటే 18 క్యారెట్లు, 916 అంటే 22. రాళ్ల ఉంగరాలు ఎక్కువగా 18లోనే చేస్తారు, రాయిని గట్టిగా పట్టుకోవాలి కనక. హాల్‌మార్కుతోపాటు ఉండే ఆరక్షరాల హెచ్‌యూఐడీని 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి. రెండు గ్రాముల లోపు నగలకి హాల్‌మార్కు తప్పనిసరి కాదు.

బిల్లులో మొత్తం బరువు, రాయి బరువు, నికర బంగారం బరువు విడివిడిగా ఉండాలి. క్యారెట్ వజ్రమంటే 0.2 గ్రాములు. దాన్ని తీసేయకుండా బంగారం లెక్క కడితే రాయికి రెండుసార్లు డబ్బిచ్చినట్టే. రాయి రంగు, స్వచ్ఛత, గనిదో ల్యాబుదో, తరుగు, మజూరీ... అన్నీ కాగితం మీద ఉండాలి. 'తిరిగి తెస్తే ఎప్పుడైనా తీసుకుంటాం' అనే మాట కూడా అంతే. ఎంత శాతానికి, నగదుకా, మార్పిడికా? నోటిమాట కౌంటరు దాటదు.

ఇంతకీ ఆ ఇంట్లో...

అమ్మమ్మ రాయిని ల్యాబుకి పంపారు. నివేదిక వచ్చింది. గని వజ్రమే. 62 సెంట్లు. రంగులో కాస్త పసుపు ఛాయ. ధర కట్టిస్తే ఊహించుకున్నంతేమీ లేదు, దుకాణంవాళ్లు చెప్పినంత తీసిపారేసేదీ కాదు. పెచ్చు పోయేలా తిరిగి సానపట్టిద్దామా అని నాన్న అడిగాడు. పని చేసే ఆచారి వద్దన్నాడు. సానపడితే బరువు పోతుంది. 1852లో లండన్‌లో తిరిగి సానపట్టాక కోహినూర్ 186 క్యారెట్ల నుంచి 105.6కి దిగింది మరి! 'వి' కొక్కెం వేస్తే పెచ్చు దాని కిందికి వెళ్లిపోతుందని అతనే దారి చెప్పాడు.

పాత బంగారం ఇచ్చి, 18 క్యారెట్ల పసుపు బంగారంలో కొత్త కట్టడం చేయించారు. కొత్త రాయి కోసం దాచిన డబ్బులో చాలావరకు మిగిలింది. ఉంగరం ఇంటికొచ్చిన రోజు మనవరాలు వేలికి పెట్టుకుని, మొన గోటి వైపుండాలా, మణికట్టు వైపుండాలా అని అడిగింది. గోటి వైపు పెట్టుకోవడమే వాడుక.

అమ్మమ్మ మాత్రం, "ఎటైనా పెట్టుకోవే. అంట్లు తోమేటప్పుడు మాత్రం తీసి పెట్టు. ఆ పెచ్చు అలా ఊడిందే!" అంది.

యాభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి అది. ఏ నివేదికలోనూ ఉండదు. ఏ దుకాణమూ దానికి రేటు కట్టదు. ఆ ఇంటికి మాత్రం ఉంగరంలో అన్నిటికన్నా విలువైన భాగం ఇప్పుడు ఆ కొక్కెం కింద దాగిన పెచ్చే.