అప్పునకు రెండు క్రియలు

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 నుండి ఆంగ్లమాధ్యమము విస్తరించినది. మరిపెడ వంటి ఊళ్ళ పిల్లలును ఇంగ్లీషుననే పాఠములు చదువుచున్నారు. మాధ్యమము మారినంతనే తలపు మారదు గదా! తోటివాని కలము కావలసిన బాలుడు 'బారో మీ యువర్ పెన్' అనుట ఉపాధ్యాయులు ఎరుగనిది కాదు.

దీనిని అజాగ్రత్త యని కొట్టివేయుట న్యాయము కాదు. 'బారో' అనగా అప్పు, 'లెండ్' అనగా అప్పు అని వల్లె వేయించి, పిదప పిల్లవానిని తప్పుపట్టుట ఏపాటి ధర్మము? తెలుగున అప్పు నామవాచకము. 'ఇచ్చు' చేర్చిన ఒక దిక్కునకు, 'పుచ్చుకొను' చేర్చిన మరొక దిక్కునకు నడచును. ఇంగ్లీషున ఆ దిక్కు క్రియలోనే ఇమిడియున్నది. లెండ్ అన్నచో వస్తువు కర్త చేతినుండి వెడలును. బారో అన్నచో కర్త చేతికి వచ్చును.

వ్యాకరణమును దీని వెంటనే నడచును. లెండ్‌కు రెండు కర్మలు చెల్లును: 'లెండ్ మీ యువర్ పెన్'. ఇందు 'మీ' అనగా నాకు. బారోకు కర్మ ఒక్కటే. ఇచ్చినవానిని 'ఫ్రమ్' చేర్చి చెప్పవలెను: 'ఐ బారోడ్ ఎ పెన్ ఫ్రమ్ హిమ్'. కనుక మన విభక్తులే దారి చూపును. 'నాకు ఇమ్ము' అనదగినచోట లెండ్, 'వానినుండి తెచ్చుకొంటిని' అనదగినచోట బారో. లెండ్ భూతకాలమున లెంట్ అగును. అమెరికాలో 'లోన్'ను సైతము క్రియగా వాడుదురు. పరీక్షలో వ్రాయువారికి లెండ్ మేలు.

ఇంతమాత్రమున తెలుగునకు ఈ విషయమున విచక్షణ లేదని తలపరాదు. పెండ్లికి పొరుగింటి హారము తెచ్చుకొన్న అది ఎరవు. ఆ హారమునే తిరిగి ఈయవలెను. సోలెడు బియ్యము తెచ్చుకొన్న అది బదులు. ఆ గింజలే అక్కరలేదు, కొలత సరిపోవలెను. ధాన్యము తెచ్చి వడ్డీని ధాన్యముగనే కొలిచిన నాగు. ఆ మాట బరువు తెలంగాణ పేదరైతు తరతరములుగ ఎరుగును. ఇంగ్లీషు వీనినన్నిటిని బారో అనియే సరిపెట్టును. ఇచ్చువాడెవడని అది అడుగును. తిరిగి వచ్చునదేమని తెలుగు అడుగును. (తీసివేతలలో పదుల స్థానమునుండి తెచ్చు అప్పు మాత్రము ఏ భాషలోను తీరినది లేదు!)

ఈ భేదము తరగతి గదితో ముగియునది కాదు. విద్యారుణమునకు బ్యాంకునకు పోయిననాడు, ఒప్పంద పత్రమున 'బారోవర్' అన్నచోట సంతకము చేయవలసినవాడు ఈ బాలుడే. ప్రక్కన నిలిచిన తండ్రికి ఆ పత్రము చదివి తెలుగున చెప్పవలసినవాడును వాడే.